మోకుకు అప్పగించిన వీపు

నడుము చుట్టూ పట్టీలు బిగిసి, పైనున్న ఇనుప చట్రం నుంచి దిగిన తాడు తనను కొద్దికొద్దిగా లేపుతున్నప్పుడు మధుకర్ ముఖంలో కనిపించింది భయం కాదు. మస్కట్ నుంచి స్ట్రెచర్ మీద తిరిగి వచ్చిన నాటి నుంచి ఆ ముఖాన్నే చూస్తూ వచ్చిన భార్య వసంతకు ఆ సంగతి వెంటనే తెలిసిపోయింది. కనుబొమల నడుమ ముడి విడిపోయింది, బిగించిన దవడ సడలింది. చాలాకాలానికి సొంత మంచం మీద వాలిన మనిషిలా అతను పొడుగాటి ఊపిరి ఒకటి తీసి వదిలాడు.

"భయపడకు అన్నా," అంది సృజన, చివరి పట్టీ సరిచూస్తూ. "నీ బరువంతా పట్టీల మీద వెయ్యి. ఇది నిన్ను పడనియ్యదు. నాది భరోసా."

"నాకేం భయం లేదు మేడం. గిది నాకు తెలిసిన పనే."

ఆ మాటను సృజన ధైర్యమనుకుంది, వసంత సంతోషమనుకుంది. అందులో ఉన్న అసలు అర్థం అప్పటికి ఎవరికీ తట్టలేదు.

సృజన సిరిసిల్ల అమ్మాయి. తండ్రి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి చదివిస్తే ఫిజియోథెరపీ పూర్తిచేసి, జగిత్యాలలో ఒక ధర్మసంస్థ నడుపుతున్న ఈ పునరావాస కేంద్రంలో చేరింది. కేంద్రానికి రోబో వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. రోబో అనగానే ఊళ్లో వాళ్లు ఊహించుకున్నట్టు దానికి తలా చేతులూ లేవు. ఉన్నవల్లా రెండు కాళ్లు. తొడకూ పిక్కకూ బయటి వైపు నుంచి కట్టే రెండు లోహపు కాళ్లు, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మోటార్లు, కింద కదిలే పట్టా, ఎదురుగా తెర. మనిషి కాలు కదపలేనప్పుడు ఆ కాలు కదుపుతుంది. మనిషి కొంచెం కదిపితే తను కొంచెం తగ్గుతుంది. మనిషి కాలికి మరచిపోయిన నడకను మళ్లీ గుర్తుచేయడమే దాని పని.

"దీనికి తలకాయ లేదన్నా," అన్నాడు మహిపాల్, తలుపు దగ్గర నిలబడి. మధుకర్‌కు చిన్నాయన కొడుకు. వీళ్లను తన ఆటోలో తెచ్చేదీ తీసుకుపోయేదీ అతనే. "అందుకే చెప్పినట్టు ఇంటది. తలకాయ ఉన్నోళ్లతోనే మనకు పరేషాన్."

పట్టా కదిలింది. లోహపు కాళ్లు లేచాయి, వాటితో పాటు మధుకర్ కాళ్లూ లేచాయి. కుడి, ఎడమ. మళ్లీ కుడి. గోడవార కుర్చీలో కూర్చున్న మధుకర్ తండ్రి వెంకటేశం భుజం మీది తువ్వాల తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కొంతసేపటికి గాని దించలేదు.

"నడుస్తున్నడు బిడ్డా," అన్నాడు సృజనతో. "నా కొడుకు నడుస్తున్నడు."

వాళ్లది కోరుట్ల దగ్గరి ఒక పల్లె, తాటిచెట్లు గీసి కల్లు తీసే ఇల్లు. వెంకటేశం తండ్రీ గీసినవాడే. బాట వెడల్పు చేసిన ఏడు బాట వెంట ఉన్న తాటిచెట్ల వరుసను నరికేశారు. కల్లుగీత సొసైటీ పంచిన చెట్లలో వీళ్ల వంతు ఎక్కువగా ఆ వరుసలోనే ఉండేది. చెట్లు పోయాక మధుకర్ చేతిలో మిగిలిన విద్య ఒక్కటే: ఎత్తుకు ఎక్కడం, ఎత్తున నిలబడి రెండు చేతులా పనిచేయడం. ఎత్తుకు భయపడని మనుషులు కావాలని కోరుట్లలో ఏజెంటు అడిగినప్పుడు ఊళ్లో అందరి నోటా అతని పేరే వచ్చింది. అలా మస్కట్ చేరాడు. కడుతున్న భవనాల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పని. రెండో ఏడు ఆ పరంజా మీంచే పడ్డాడు. గొట్టం ఊడిందని చెప్పాడు. కాదనడానికి ఇక్కడ చూసినవాళ్లెవరూ లేరు.

వెన్నుపాము తెగలేదు, నలిగింది. నలిగిన నరం మళ్లీ దారి వెతుక్కునేది మొదటి ఏడాదిలోనే ఎక్కువనీ, ఆ లోపల కాళ్లతో ఎంత పని చేయిస్తే అంత తిరిగొస్తుందనీ, గడువు దాటాక వచ్చేది తక్కువనీ హైదరాబాదు డాక్టరు విడమరచి చెప్పాడు. వసంత కోరిక పెద్దది కాదు. వాకర్ పట్టుకొని మనిషి తనంతట తాను లేచి పెరట్లోకి పోగలిగితే చాలు. ఆమె అతన్ని పక్కకు దొర్లించి శుభ్రం చేస్తున్నంతసేపూ మధుకర్ కళ్లు మూసుకునేవాడు. చేయాల్సిన పని ఆమెకు బరువు అనిపించలేదు గాని, మూసుకున్న ఆ కళ్లను చూడటం మాత్రం ఏ రోజుకా రోజు కష్టంగానే ఉండేది.

కేంద్రంలో ఉన్నది ఒకటే యంత్రం. దాని కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో పక్షవాతం వచ్చినవాళ్లున్నారు, బండి మీంచి పడ్డవాళ్లున్నారు, మధుకర్ లాగే గల్ఫ్ నుంచి నడుము విరిగి వచ్చినవాళ్లున్నారు. కాబట్టి ఒక నియమం పెట్టుకున్నారు. వానాకాలం పోయేదాకా మధుకర్ వంతు. ఆఖరున పరీక్ష. అతని కాళ్లలో సొంత బలం పెరిగినట్టు తేలితే వంతు కొనసాగుతుంది, లేకపోతే వరుసలో తరువాతి మనిషికి పోతుంది.

వారం వారం తెర మీది అడుగుల అంకె పెరిగింది. వెంకటేశం చదువుకున్నది తక్కువే అయినా ఆ ఒక్క అంకెను మాత్రం కళ్లద్దాలు పెట్టుకొని చదివేవాడు. మహిపాల్ ఫోన్‌లో వీడియో తీసి సొసైటీ గ్రూపులో పెట్టాడు. ఊళ్లో కల్లు అమ్మే మండువలో ఆ సాయంత్రం అందరి చేతుల్లో అదే వీడియో.

"మా పోరడు ఇయ్యాల ఎంత నడిచిండో ఎర్కేనా? కోరుట్లకెళ్లి మెట్‌పల్లి దాకా పోయినంత," అన్నాడు వెంకటేశం, అక్కడున్న వాళ్లందరికీ వినపడేట్టు.

తోటి గీతకాడు రాజమౌళి నోరు ఊరుకునేది కాదు. "గంత నడిచినోడు మరి ఆటోల ఎందుకచ్చిండు వెంకటేశం?"

"మిషన్ కాళ్లు ఆటోల పట్టయిరా!"

అందరూ నవ్వారు, వెంకటేశం అందరికంటే గట్టిగా నవ్వాడు. కొడుకు తన కాళ్ల మీద గుడికి నడిచి వచ్చి ఎల్లమ్మకు కల్లుసాక పోస్తాడని ఆ పూటే నలుగురి ముందూ మొక్కుకున్నాడు. ఇంట్లోనూ వాతావరణం మారింది. మధుకర్ గడ్డం గీయించుకున్నాడు, తిండి సరిగ్గా తిన్నాడు, జగిత్యాల పోయే రోజు పొద్దున్నే తనే వసంతను లేపేవాడు.

శ్రావణం సగం గడిచాక ఒకనాడు సృజన వసంతను పక్కగదిలోకి పిలిచింది.

"అక్కా, నువ్వేం అనుకోకు, ఒకటి అడుగుత. అన్న ఇంటికాడ ఎట్లుంటుండు? మనసుల ఏమన్న పెట్టుకున్నడా?"

"లేదు మేడం. మిషన్ ఎక్కినప్పటి సంది మంచిగుంటుండు. ఎందుకట్ల అడుగుతున్నవు?"

సృజన తెరను ఆమె వైపు తిప్పింది. అందులో అడుగుల అంకె కాక ఇంకేవో ఉన్నాయి. రెండు గీతలు, ఒకటి నీలం, ఒకటి పచ్చ.

"నీలం గీత మిషన్ పెట్టే బలం. పచ్చ గీత అన్న పెట్టే బలం. దినాలు గడిచేకొద్ది నీలం దిగాలె, పచ్చ లేవాలె. సూడు."

పచ్చ గీత కింద అంచుకు అతుక్కొని పడుకుని ఉంది. మొదటి రోజు ఎలా ఉందో అలాగే.

"అంటే కాళ్లల్ల బలం లేదనా?"

"గదే అర్థమైతలేదు అక్కా. మంచం మీద పండవెట్టి నెట్టమంటే నా చేతిని నెడుతుండు. తొడల బలం వచ్చింది. నేను చెయ్యి పెట్టి చూసిన గదా. మిషన్ల మాత్రం ఏం పెడుతలేడు. లోపట ఎక్కడన్న భయం ఉంటే గిట్లయితది. పడ్డ మనిషి గదా."

భయం అనే మాట వసంతకు అతకలేదు. ఈ ఇల్లూ ఊరూ కలిపి చూసినా అతను భయం లేకుండా ఉండేది ఆ పట్టీలలోనే. కాని పచ్చ గీత అబద్ధం చెప్పదు, సృజన చేయీ అబద్ధం చెప్పదు. రెండూ నిజమైతే నడుమ మూడోదేదో ఉండాలి.

ఆనాడు ఆమె ఎప్పటిలా ఎదురుగా కూర్చోలేదు. ఎదురుగా కూర్చుంటే ముఖం కనిపిస్తుంది, ముఖం కనిపిస్తే ఇంకేదీ కనిపించదు. పక్కకు, కొంచెం వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడింది. పట్టా కదిలింది. కాళ్లు లేచాయి. మధుకర్ నడుము కింది భాగం పట్టీలోకి కుంగి ఉంది. భుజాలు వెనక్కి వాలాయి. తల కొంచెం పైకెత్తి ఉంది. చేతులు కడ్డీలను పట్టుకోలేదు, తేలిగ్గా, పనికి సిద్ధంగా ఛాతీ ముందు ఉన్నాయి.

ఆ వీపును ఆమె ఎన్నోసార్లు చూసింది. బోయినపల్లి దగ్గరి పుట్టింటి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో సద్ది కట్టుకొని తాటిచెట్ల కిందికి పోయి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడేది. మోకు అంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే తాడు. గీతకాడు పైకి చేరాక దానిలోకి వీపు వాల్చి కూర్చుంటాడు. బరువు మోకుది. అరికాళ్లు చెట్టుకు ఆని ఉంటాయంతే. అలా కూర్చుంటేనే రెండు చేతులూ ఖాళీ అయి, గెల గీయడానికీ లొట్టి, అంటే కల్లుకుండ, కట్టడానికీ వీలవుతుంది. పడిపోతానని చెట్టును కావలించుకునేవాడే పడతాడు. వీపు ఇచ్చినవాడు పడడు.

"మేడం," అంది వసంత, ఆ వంతు ముగిశాక, గొంతు తగ్గించి. "ఆయన నడుస్తలేడు. మోకుల కూసున్నడు."

సృజనకు మొదట అర్థం కాలేదు. వసంత గోడకు వీపు పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, చేతులు ముందుకు చాచి చూపించింది. సృజన ఆమెనూ, అద్దం తలుపు వెనక చక్రాల కుర్చీలోకి దిగుతున్న మధుకర్‌నూ మార్చిమార్చి చూసింది.

"బరువంతా పట్టీల మీద వెయ్యమని మొదటి దినం నేనే చెప్పిన," అంది నెమ్మదిగా. "భయపడేటోళ్లకు అందరికీ గదే చెప్తం. వాళ్లు సగమే ఇంటరు, భయానికి కాళ్లు బిగపడుతరు. అన్న పూర్తిగ ఇన్నడు."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"తాడు వదులు చెయ్యాలె. కొంచెం కొంచెం. వదులైతే బరువు కాళ్ల మీదికి వస్తది. గానీ చెప్పకుండ వదులు చేస్తే మల్ల ఏ పట్టీనీ నమ్మడు. తెలిసి ఒప్పుకోవాలె." ఆగి, దాచకుండా చెప్పింది. "పరీక్షకు దినాలు దగ్గరవడ్డయి అక్కా. ఇదే గీత ఉంటే వంతు పోతది. నేను ఆపలేను."

జగిత్యాల నుంచి ఊరు చేరేదాకా ఆటోలో తండ్రీ కొడుకులు ఆనాటి అంకె గురించే మాట్లాడుకున్నారు. వసంత బయటికి చూస్తూ కూర్చుంది. చెప్పకపోతే అతనికి ఈ కొద్ది రోజుల సంతోషం మిగులుతుంది, కాళ్లు మిగలవు. చెబితే సంతోషం ఈ క్షణానే పోతుంది, కాళ్లు వస్తాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఏది పోగొట్టాలన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల నోరు తెరవడం తేలికేమీ కాలేదు.

మరునాడు పొద్దున అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ, పక్కన మంచం మీదున్న మధుకర్‌తో అంది: "ఒక మాట చెప్పాలె నీకు."

"చెప్పు."

"మిషన్ల నువ్వు నడుస్తలేవు."

అతను నవ్వాడు. "మరెవరు నడుస్తున్నరు, మీ బాపా?"

"మిషనే నడుస్తున్నది. నువ్వు మోకుల కూసున్నట్టు కూసున్నవు. నిన్న నీ వీపు సూసిన. తాటిచెట్టు మీద ఎట్ల వాల్తవో గట్లనే వాలినవు. కాళ్ల మీదికి బరువే వస్తలేదు."

నవ్వు ఆగింది. "మేడం చెప్పిందా?"

"మేడం గీత జూపెట్టింది. వీపు సంగతి నేనే చెప్పిన."

"అంటే గిన్ని దినాల సంది ఏసిన అడుగులు నావి గావు."

వసంత చేతిలోని ఆకు నలిగింది.

"అను మరి. బొమ్మకు తాడుగట్టి ఆడిచ్చినట్టు ఆడిచ్చిండ్రు. ఊరంత ఫోన్లల్ల సూసింది. బాపు మండువల నిలవడి చెప్పుకున్నడు. గందరి ముంగట నన్ను..." ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

జగిత్యాల వంతు రోజు మహిపాల్ వాకిట్లో హారన్ కొట్టాడు. లోపలి నుంచి కదలిక లేకపోయేసరికి గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వు రాకపోతే మిషన్ అలుగుతదన్నా."

"దానికి తలకాయ లేదంటివి గదరా. ఎట్ల అలుగుతది?" అన్నాడు మధుకర్, గోడ వైపు నుంచి తిరగకుండానే. మహిపాల్ చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

ఆ వంతు పోయింది. తరువాతి వంతూ పోయింది. వెంకటేశం జ్వరమేమో అనుకొని నుదురు పట్టి చూశాడు, జ్వరం లేదు. కోడలిని అడిగాడు, ఆమె "ఒంట్ల బాగలేదంట మామా" అని తప్పించుకుంది.

ఆ మరునాడు పొద్దున, వీపు మీద పుండ్లు పడకుండా పక్కకు దొర్లించి కొబ్బరినూనె రాస్తున్నప్పుడు, మధుకర్ దిండులోకి అన్నట్టుగా అన్నాడు: "గొట్టం ఊడలేదు."

"ఏ గొట్టం?"

"మస్కట్ల. గొట్టం మంచిగనే ఉండె. బెల్టు గూడ మంచిగనే ఉండె. నేనే వాలిన."

వసంత చేయి ఆగింది.

"మోకు బిర్రుగుంటది గదా. ఎప్పుడు వాలినా వీపుకు అందుతది. పరంజా మీద కట్టే బెల్టు గట్ల గాదు. దాని తాడు వదులుంటది. మనిషి పడ్డంక పట్టుకునేటందుకు పెట్టిన తాడు అది, కూసునేటందుకు గాదు. మొదటి దినమే చెప్పిండ్రు మాకు. నాకు తెల్సు. గానీ ఆ దినం నట్టు రెండు చేతులతోని బిగించాల్సి వచ్చింది. చేతులిడిసిన. ఇడవంగనే వీపు దానంతట అదే వాలింది వసంతా. నేను వాలుదామనుకోలే. వాలితే ఎనక తాడు లేదు."

"మరి తాడు పట్టుకోలేదా?"

"పట్టుకున్నది. పట్టుకునే లోపట్నే నడుము కింది గొట్టానికి తాకింది." దిండు అంచు పట్టుకున్నాడు. "బాపుకు చెప్పకు. గీతకాని కొడుకు మోకు లేనికాడ వీపిచ్చి పడ్డడంటే మండువల మొఖం ఎట్ల జూపుతడు?"

వసంత నూనె చేయి చీరకు తుడుచుకుంది. ఇన్నాళ్లూ వేర్వేరుగా కనబడ్డ సంగతులు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి వరుసగా నిలబడ్డాయి. తాటిచెట్టు మీద ఇన్నేళ్లు అతన్ని బతికించిన అలవాటే మస్కట్‌లో అతన్ని పడేసింది. పడేసిన అలవాటే జగిత్యాలలో అతన్ని లేవనివ్వడం లేదు. అతని తప్పని అందామంటే అది బుద్ధితో చేసింది కాదు. ఒంట్లోకి ఎక్కించిన పని అది. ఆ పనిని ఒంట్లోకి ఎక్కించిన తండ్రి వాకిట్లో వేపపుల్ల నములుతూ, కొడుకు ఎందుకు కదలడం లేదో తెలియక, ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాడు.

ఆమె వాకిట్లోకి పోయి అతని ముందు నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుంది.

"మామా, ఆయనకు ఒంట్ల బాగలేక గాదు." మిషన్ సంగతి మొత్తం చెప్పింది. నీలం గీత, పచ్చ గీత, మంచం మీద తొడ నెట్టడం, పట్టీలలో వీపు వాలడం. అడుగుల అంకె యంత్రానిదని చెప్పేటప్పుడు మాత్రం నేల వైపు చూసింది. మస్కట్ మాట ఎత్తలేదు.

వెంకటేశం అరుగు అంచున కూర్చున్నాడు.

"చిన్నప్పుడు చెట్టును కావలిచ్చుకుంటుండె," అన్నాడు చివరకు. "నేను కింద నిలవడి మొత్తుకుంటుంటి. కావలిచ్చుకుంటే పడుతవురా, వీపియ్యి, మోకుకు వీపియ్యి అని. ఏడ్సినా ఇడువలే. కట్టెతోని గూడ కొట్టిన ఒకసారి. ఒంటికి ఎక్కేదాకా కొట్టిన." వేపపుల్ల పారేశాడు. హఠాత్తుగా తల ఎత్తి కోడలి ముఖంలోకి చూశాడు. "వసంతా... మస్కట్ల గూడ గిట్లనే అయిందా?"

ఆమె అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేకపోయింది.

ముసలాయన తువ్వాల తీసి మోకాళ్ల మీద పరిచి, దాని మడతలు ఒక్కొక్కటే సవరించాడు. చాలా ముఖ్యమైన పని చేస్తున్నట్టు సవరించాడు. తరువాత లేచి మండువకు పోయాడు. అక్కడ ఏం చెప్పాడో వసంతకు సాయంత్రం మహిపాల్ వచ్చి చెబితే తెలిసింది.

"పెద్దబాపు అందరి ముంగట అన్నడు వదినె. వీడియోల అడుగులు మావోనివి గావు, మిషన్‌వి, నాకు తెల్వక చెప్పిన అన్నడు. రాజమౌళి ఏదో అనబోయిండు. అనలే. లొట్టి కల్లు తెచ్చి పెద్దబాపు ముంగట పెట్టి పోయిండు."

తరువాతి వంతుకు వెంకటేశం కొడుకును అడగలేదు. మహిపాల్‌తో కలిసి చేతుల మీద ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. మధుకర్ వద్దనలేదు, సరేననలేదు.

కేంద్రంలో పట్టీలు బిగించాక సృజన చెప్పాల్సింది నేరుగా చెప్పింది. "అన్నా, తాడు కొంచెం వదులు చేస్త. మోకాళ్లు మడుచుకుంటయి, పడుతున్నట్టనిపిస్తది. పడవు. గానీ అనిపిస్తది. నువ్వు సరే అంటేనే చేస్త."

మధుకర్ చేతులు రెండూ కడ్డీల మీద బిగిశాయి.

వెంకటేశం కుర్చీలోంచి లేచాడు. ఇన్ని రోజులుగా ఆ యంత్రానికి చేరువగా వచ్చినవాడు కాదు. తన చేయి తగిలితే ఏదైనా చెడిపోతుందేమో అన్నట్టు గోడవారనే ఉండేవాడు. ఇప్పుడు వచ్చి కడ్డీ పక్కన నిలబడ్డాడు. ఎత్తులో ఉన్న కొడుకు ముఖం చూడటానికి తల పైకెత్తాల్సి వచ్చింది.

"మధూ. చెట్టు దిగినంక మనం ఏం జేస్తం?"

ఈ ప్రశ్న ఎందుకో మధుకర్‌కు తెలియలేదు. "మోకు ఇప్పుతం."

"ఇప్పితే బరువు ఎవలు మోస్తరు?"

"కాళ్లు."

"మోకుల కూసోని ఇంటికి పోతమా?"

"పోం."

"నువ్వింకా దిగలేదు కొడుకా." ముసలాయన కడ్డీ మీద చేయి ఆనించాడు. "ఎక్కుడు నేర్పిన. వీపిచ్చుడు నేర్పిన. పడితే ఎట్లనో నేర్పలే, నాకే రాదు. దిగు ఇగ. నేను గీడనే ఉన్న, కిందనే."

మధుకర్ కళ్లు మూసుకున్నాడు. "వదులు జెయ్యి మేడం."

తాడు కొద్దిగా జారింది. అతని రెండు మోకాళ్లూ ఒక్కసారిగా మడతపడ్డాయి. గొంతులోంచి ఒక కేక వచ్చింది, మాట కాని కేక. చేతులు గాలిని పట్టుకోబోయాయి. వీపు వెనక్కి వాలి తాడు కోసం వెతికింది, తాడు లేదు. యంత్రం కూత పెట్టి ఆగిపోయింది. వసంత ముందుకు ఉరకబోయి సృజన చెయ్యి అడ్డం రావడంతో ఆగింది. పట్టీలు పట్టుకునే ఉన్నాయి. అతను పడలేదు. వేలాడుతూ, చెమటలు కక్కుతూ, పళ్లు కొరుకుతూ ఉన్నాడు.

"కండరం పట్టేసిందా అన్నా, నువ్వే నెట్టినవా?"

"తెల్వది. తెల్వది నాకు."

"మల్ల చేద్దామా, ఆపుదామా?"

అతను తండ్రి వైపు చూశాడు. తండ్రి కిందనే, కడ్డీ పక్కనే ఉన్నాడు.

"చెయ్యి."

రెండోసారీ మోకాళ్లు మడతపడ్డాయి, యంత్రం మళ్లీ ఆగింది. ఆ తరువాత ఒకసారి ఆగలేదు. లోహపు కాలు లేచే ముందు క్షణంపాటు అతని కుడి తొడ కండరం బిగిసి వణికింది. పచ్చ గీత అంచు నుంచి వేలెడంత లేచి, వెంటనే పడిపోయింది. సృజన ఆ చోటును వేలితో వసంతకు చూపించింది. అడుగుల అంకె ఆనాడు ఎంత తక్కువ వచ్చిందంటే వెంకటేశం కళ్లద్దాలు పెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

వంతు ముగియడానికి ఇంకా కొంత సమయం ఉంది. మధుకర్ పెదవులు తెల్లబారాయి. సృజన నీళ్లు తాగించి, వసంత పక్కకు వచ్చి, అతనికి వినబడకుండా అంది: "పరీక్షకు ఇది సాలుతదో లేదో నేను చెప్పలేను అక్కా. దినాలు తక్కువున్నయ్."

"సాలకపోతే?"

"వంతు పోతది. గానీ నిలబడుడు ఒకసారి దొరికినంక ఇంటికాడ కడ్డీలు పాతుకోని గూడ చెయ్యొచ్చు. ఆలస్యమైతది. కష్టమైతది. మిషన్ లేకుంట చేసినోళ్లు గూడ ఉన్నరు."

వసంత తల ఊపింది. ఆ మాటలో ఎంత ఓదార్పో ఎంత నిజమో తూచుకునే ఓపిక ఆమెకు ఆ క్షణాన లేదు.

"అరికాళ్లు మండుతున్నయ్," అన్నాడు మధుకర్ పైనుంచి, ఎవరి మీదో కోపం వచ్చినట్టు.

సృజన గబగబా వంగి అతని బూటు తాడు విప్పబోయింది. "ఏ కాలు?"

"రెండూ. నిప్పుల మీద పెట్టినట్టున్నది."

"ఇంతకుముందు మండినయా?"

"ఎప్పుడు మండినయ్? గవి నావి అన్న సంగతే యాదికి లేకపాయె."

సృజన వంగినదల్లా అలాగే ఉండిపోయి, కొంతసేపటికి బూటు తాడు మళ్లీ ముడి వేసింది. "ఆపుదామా అన్నా ఇయ్యాలకు?"

"వద్దు." అతను ఊపిరి పీల్చుకున్నాడు. ముఖంలో భయం స్పష్టంగా ఉంది, దాచుకోవడానికి ప్రయత్నించలేదు. "ఇంకింత వదులు జెయ్యి."

తాడు జారింది. వసంత ఈసారి తల ఎత్తి అతని ముఖం చూడలేదు. పట్టా మీద ఆనిన బూటును చూస్తూ నిలబడింది. దాని రబ్బరు అంచు బరువుకు అణిగి, కొంచెం పక్కకు పొంగి ఉంది.

"పైలం," అన్నాడు వెంకటేశం కింద నుంచి. "పైలం కొడుకా. మెల్లగ."